సగం అల్లిన జడ

ఇరవై ఏళ్ళకు పైగా నేనొక జడను మోస్తున్నాను. నా జడ కాదు. నా స్నేహితురాలి జడ. వినడానికి నవ్వులాటగా ఉంటుందని తెలుసు. ఎవరికైనా చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా ఎక్కడ మొదలుపెట్టాలో తోచక మూసేశాను. మా ఆయనకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే మీకు చెప్పగలనేమో. చెప్పగలనా? చూద్దాం.

విశాఖపట్నంలో, సముద్రపు గాలి తగిలే ఒక చిన్న ఆర్ట్స్ కాలేజీలో బి.ఏ. చదివాను. దాని పేరు వద్దు. ఎంత చిన్న కాలేజీ అంటే, ఎవరికి జలుబు చేసినా ప్రిన్సిపాల్ గారి దాకా తెలిసిపోయేది. పాఠం మధ్యలో పోర్టులో ఓడ కూస్తే మాస్టారు ఆగి, అది ఊరుకున్నాక మళ్ళీ అందుకునేవారు. మధ్యాహ్నం బాదం చెట్టు కింద అందరి క్యారేజీలూ ఒకచోటే తెరుచుకునేవి. నూకరత్నం క్యారేజీ మూత తీసిందంటే చేపల పులుసు వాసనకు సీనియర్లు కూడా వచ్చి కూలబడేవారు. నూకరత్నం వాళ్ళది చేపల వేటకెళ్ళే కుటుంబం, ఇల్లు ఫిషింగ్ హార్బర్ దగ్గర. మావాళ్ళు ఆనందపురం అవతల వ్యవసాయం చేసుకునేవాళ్ళు. నాన్నకు స్టీలు ప్లాంటులో ఉద్యోగం వచ్చాక క్వార్టర్స్‌కు వచ్చేశాం. మేమిద్దరం మూడేళ్ళూ ఒకే బెంచీలో కూర్చున్నాం.

బి.ఏ. చదివితే ఏం ఉద్యోగం వస్తుందని బంధువులంతా మొహం మీదే అడిగే రోజులవి. రుషికొండ వైపు కంపెనీలు అప్పుడప్పుడే వస్తున్నాయి. మా ఇంగ్లీషు మేడం మాత్రం మా మీద ఆశ వదులుకోలేదు. శనివారం మధ్యాహ్నాలు హాల్లో కుర్చీలు గుండ్రంగా వేయించి ఇంటర్వ్యూలకు తయారు చేసేవారు. మాకేమో నోరు పెగిలేది కాదు. 'నీ గురించి చెప్పు' అంటే చాలు, తల వంచుకుని చున్నీ కొస నలిపేవాళ్ళం. అప్పుడావిడ ఒక ఉపాయం కనిపెట్టారు. ఇద్దరిద్దరిని జతలు చేశారు. జతలో ఒకరి జీవితం ఇంకొకరు చెప్పాలి. 'ఆమె' అని కాదు, 'నేను' అనే చెప్పాలి. తన గురించి చెప్పుకోవడానికే సిగ్గు గానీ పక్కవాళ్ళ గురించి చెప్పడానికి సిగ్గెందుకు ఉంటుంది అనేవారు. దానికి మార్పిడి అని పేరు పెట్టారు. నిజంగానే మా నోళ్ళు విచ్చుకున్నాయి.

నా జత నూకరత్నం. తన కథ ఇది.

తనకు పదేళ్ళప్పుడు ఒక పొద్దున వాళ్ళమ్మ తనకు రెండు జడలు వేస్తోందట. ఒక జడ అయిపోయింది. రెండోది సగం అల్లేసరికి వీధిలో కేకలు. గాలివాన ముదిరింది, వేటకెళ్ళిన బోట్లు కొన్ని తిరిగి రాలేదు, వాటిలో వాళ్ళ నాన్న ఉన్న బోటు ఒకటి. వాళ్ళమ్మ దువ్వెన అలాగే పట్టుకుని ఒడ్డుకు పరుగెత్తింది. వెనకే నూకరత్నం. ఆ రోజంతా వానలో, ఒకవైపు జడ, ఒకవైపు విరబోసిన జుట్టుతో నిలబడిందట. ఎవరు పిలిచినా ఇంటికి పోలేదు. సాయంత్రానికి ఆ బోటును ఇంకో బోటు తాడు కట్టి లాక్కొచ్చింది. వాళ్ళ నాన్న దిగాడు, కూతుర్ని చూశాడు, 'ఏటే, రెండో జడ ఎవులు తినేసినారు?' అన్నాడు. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళంతా ఒక్కసారిగా నవ్వి, ఆ నవ్వులోనే గొల్లున ఏడ్చారట.

ఆ కథ నేను ఎన్ని శనివారాలు చెప్పానో. చెప్పిన ప్రతిసారీ అందరూ కుర్చీలు ముందుకు జరుపుకునేవారు. నేను చెబుతుంటే జనం వినడం నాకు అదే మొదలు.

నా కథ తను చెప్పేది. నా కథలో ఏముంది? క్వార్టర్స్, బడి, నాన్న షిఫ్టులు. ఏమీ లేదే అంటే నూకరత్నం వదిలేది కాదు, గుచ్చి గుచ్చి అడిగేది. నాన్న నైట్ డ్యూటీ దిగి పొద్దున్నే ఇంటికొచ్చి, మా నిద్ర చెడుతుందని తలుపు కొట్టకుండా, మేము లేచేదాకా మెట్ల మీద కూర్చునేవాడని ఒకసారి మాటవరసకి అన్నాను. తను దాన్నే పట్టుకుంది. దాన్నే చెప్పింది. బాగానే చెప్పిందనుకుంటాను. నేను సరిగా వినలేదు. నా వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తూ ఉండేదాన్ని.

చివరి సంవత్సరం ఒక కాల్ సెంటర్ కంపెనీ వాళ్ళు మా కాలేజీకే వచ్చారు. మా బోటి చిన్న కాలేజీకి కంపెనీ రావడమే పండగ. అందరం ఇస్త్రీ బట్టలు వేసుకుని వరండాలో కూర్చున్నాం. నా పేరు ముందే పిలిచారు. లోపల ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్నావిడ, మరిచిపోలేని రోజు ఒకటి చెప్పమంది.

'మా అమ్మ నాకు జడలు వేస్తోంది' అన్నాను.

అది అలవాటుగా వచ్చింది. ప్రమాణం చేసి చెప్పగలను. ఏడాది పొడుగునా 'నేను' అని చెప్పిన నోరు, 'నేను' అనగానే ఆ దారిలోకే పోయింది. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నది ఇదే. కానీ ఆవిడ పెన్ను కింద పెట్టి ముందుకు వంగడం నేను చూశాను కదా? చూశాకనైనా ఆగొచ్చు కదా? ఆగలేదు. సరే, భయం అనుకుందాం. మధ్యలో ఆపితే పిచ్చిదాన్నంటారని భయం. కథ పూర్తయ్యాక ఆవిడ నా బయోడేటా చూసి, మీ నాన్న స్టీలు ప్లాంటులో పనిచేస్తారని ఉందే అంది. నేను తడుముకోలేదు. 'ఆ తుఫాను తర్వాత అమ్మ వేట మాన్పించేసిందండీ, అప్పుడు ప్లాంటులో చేరారు' అన్నాను. ఆ కథలో నేను సొంతంగా కల్పించింది ఆ ఒక్క వాక్యమే. అది అలవాటు కాదు. దాన్ని ఏమనాలో మీకు తెలుసు, నాకూ తెలుసు.

బయటికొచ్చాను. నూకరత్నం ఎదురొచ్చి నా చేతులు పట్టుకుంది.

"ఏటడిగినారే?"

"ఏటీ నేదే. మామూలే. సదువు గురించి."

తన పేరు పిలవడానికి ఇంకా చాలా వ్యవధి ఉంది. మధ్యలో ఎంతోమంది వెళ్ళొచ్చారు. మధ్యాహ్నం బాదం చెట్టు కింద తన క్యారేజీలోంచి పులుసు వేసుకుని తిన్నాను. చెప్పడానికి అంత సమయం ఉంది. ఒక్క మాట చాలు, 'ఆ జడ కథ చెప్పకు, నేను చెప్పేశాను' అంటే చాలు. తిట్టేది, కొట్టేది, ఇంకో కథ ఎంచుకునేది. ముల్లు తీసిన ముక్క నా పళ్ళెంలో వేసింది. తిన్నాను.

తను లోపలికి వెళ్ళి తొందరగానే వచ్చేసింది. మొహంలో రక్తం లేదు.

"ఆళ్ళు నన్ను నమ్మనేదే. ఈ కత ఇందాకే ఇన్నాం, నీది సెప్పమన్నారు. నాదేనండి అన్నా నవ్వుతన్నారు. ఏటి సెప్పాలో తెలీక... నీది సెప్పేసినానే. మా నాన్న డ్యూటీ దిగొచ్చి మెట్లమీద కూకుంతాడని. కాయితంలో వేట అని ఉంది, నువ్వేటి డ్యూటీ అంతన్నావ్ అని పంపేసినారు."

మార్పిడి తనకూ అలవాటైపోయింది కదా. తన కథ మూసేస్తే నోటికి వచ్చింది నా కథ.

"నా కత ఎవులు సెప్పుంతారే?" అంది.

"నాకేటి తెలుసు? అందరం ఇన్నాం కదే."

ఆ మాట అంటూ నేను తన కళ్ళలోకే చూశాను. తేలు కుట్టిన దొంగకు కూడా కాస్త మొహం మారుతుందంటారు. నాకు మారలేదు.

ఉద్యోగం నాకొచ్చింది. విషయం తెలిసి మేడం, ఇదంతా నా పిచ్చి ఉపాయం వల్లే జరిగిందని కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఎవరు చెప్పారని ఆరా తీయలేదు. మార్పిడి ఆపేశారు. నూకరత్నం ఆ తర్వాత ఏ ఇంటర్వ్యూకీ వెళ్ళలేదు. నేను పిలిచాను కూడా, ఎంత సిగ్గులేకుండా పిలిచానో. 'నాకు సెప్పడం రాదులేవే' అంది. ఏడాదంతా హాల్లో అందరికంటే బాగా చెప్పిన మనిషి.

అది అక్కడితో ఆగితే బాగుండేది. కంపెనీలో కొత్తవాళ్ళు చేరినప్పుడల్లా నన్ను పిలిచి ఆ కథ చెప్పించేవారు. చెప్పేదాన్ని. చెప్పగా చెప్పగా ఆ వాన నా మీదే కురిసినట్టు గుర్తుండిపోయింది. నిజం చెప్పమంటే, తల దువ్వుకుంటున్నప్పుడు ఒకవైపు జుట్టు తడిగా అనిపించే రోజులున్నాయి. ఇది ఏమిటి? అబద్ధానికి జ్ఞాపకం పుడుతుందా? ఒకసారి ఆఫీసులో వేడుకకు అమ్మానాన్నలను తీసుకెళ్ళాను. మా మేనేజరు నాన్న చెయ్యి పట్టుకుని, ఆ రోజు సముద్రంలో భయం వేయలేదా అని అడిగాడు. జీవితంలో పడవెక్కని మా నాన్న నా వైపు చూశాడు. తర్వాత "ఏసిందండి" అన్నాడు. తిరుగు దారిలో ఆటోలో ఒక్క మాట అడగలేదు. పోయేదాకా అడగలేదు.

నన్ను నేను సమర్థించుకోవడానికి చాలా చూశాను. నూకరత్నానికి ఏం తక్కువైంది? భర్తతో కలిసి సొంత బోటు నడుపుతోంది. వేలంపాటలో తను గొంతెత్తితే హార్బరంతా తిరిగి చూస్తుంది. ఇల్లు మా ఫ్లాటు కంటే పెద్దది. ఆదివారం నేను చేపలకు వెళితే మంచివి ఏరి పక్కన పెట్టి ఉంచుతుంది. ఆ ఉద్యోగం వచ్చి ఉంటే హెడ్‌ఫోన్ తగిలించుకుని నాలా నడుము నొప్పి తెచ్చుకునేది కదా. మరి నేను తీసుకున్నదేమిటి? ఏమీ లేదేమో అనుకుంటూ ఎన్నో ఏళ్ళు నిద్రపోయాను. బాగానే నిద్రపట్టేది, అదీ చెప్పాలి.

పోయిన ఆదివారం నూకరత్నం తన కూతుర్ని మా ఇంటికి పంపింది. ఆ పిల్ల ఇప్పుడు అదే కాలేజీలో చివరి సంవత్సరం. 'మీ పిన్ని ఇంటర్వూలకి బాగా నేర్పుద్ది, ఎల్లు' అందట. కూర్చోబెట్టి, మీ ఇంట్లో జరిగినది ఏదైనా ఒకటి చెప్పమ్మా, మరిచిపోలేనిది, అన్నాను. ఆలోచించింది.

"మా ఇంట్లో అలాంటివేటీ జరగనేదు పిన్నీ."

"మీ అమ్మ చిన్నప్పటివి? మీ తాత గురించి?"

"తాతని నాను సూడనేదు. అమ్మ ఏటీ సెప్పదు. అడిగితే, సెప్తే ఎవులూ నమ్మరులేవే అంతది."

నా చేతిలో టీ కప్పు ఉంది. కింద పెట్టాను. రుషికొండ మీది ఆఫీసులో ఎన్ని బ్యాచ్‌ల పిల్లలకు ఆ జడ తెలుసు, ఆ దువ్వెన తెలుసు, బోటు దిగి ఆయన అన్న మాట తెలుసు. ఆయన మనవరాలికి తెలియదు. నేను తీసుకున్నది ఉద్యోగమనుకున్నాను ఇన్నాళ్ళూ.

చెప్పేద్దామనుకున్నాను, అక్కడే. నోరు తెరిచాను. వచ్చిన మొదటి మాట "నేను". ఆగిపోయాను. 'మీ అమ్మ' అని మొదలుపెట్టడం నా నోటికి రాలేదు. నమ్మండి, రాలేదు. ఏవో నాలుగు చిట్కాలు చెప్పి పంపేశాను.

ఆ పిల్ల ఈ ఆదివారం మళ్ళీ వస్తుంది. తనకు చెబితే వాళ్ళమ్మకు తెలుస్తుంది. లేక వాళ్ళమ్మకు ఎప్పుడో తెలుసా? తెలిసే పంపిందా? తెలిసే ఇన్నేళ్ళూ మంచి చేపలు ఏరి పెట్టిందా? అలా అనుకుంటే ఇక ఆ చేపలు ముట్టుకోలేను, తెలియదనుకుంటే తలెత్తలేను. ఏది కోరుకుంటున్నానో కూడా తెలియడం లేదు. ఆదివారం ఏం చేస్తానో అసలే తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు.

నోటికి రాని మాట చేతికి వస్తుందేమో ఇక్కడ రాసి చూస్తాను. ఆ రోజు వానలో ఒడ్డున నిలబడింది నూకరత్నం. జడ తనది. బోటు దిగి వచ్చినాయన తన నాన్న.

మా నాన్న ఎప్పుడూ వేటకెళ్ళలేదు. ఆయన డ్యూటీ దిగి వచ్చి, మేము లేచేదాకా మెట్ల మీద కూర్చునేవాడు.