వాగ్దానం కార్డు మీది అంకెలు

ఎనిమిదేళ్ళుగా ఈ సంగతి నా గొంతుకి అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. నా పేరు అడక్కండి. రాజోలు దగ్గర మా ఊరు. ఇళ్ళకీ కొట్లకీ నెట్ కనెక్షన్లు ఇచ్చుకుంటూ బతుకుతున్నాను. అంతవరకు చాలు.

ప్రతి నెలా మొదటి ఆదివారం మా చర్చిలో ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ముందు పాస్టరుగారు ఒక మాట చెబుతారు. తోటివాడితో తేల్చుకోవలసింది ఏదైనా ఉంటే ముందు అది తేల్చుకుని రండి అని. సరిగ్గా ఆ వేళకి నేను లేచి కెమెరా దగ్గరికి వెళ్ళిపోతాను. ఆరాధన లైవ్‌లో పెట్టే పని నాదే. వైరు కదిలితే గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఆగిపోతుందని సాకు. బల్ల కూడా వదులుకుని సేవ చేస్తున్నాడని ఆడవాళ్ళు మెచ్చుకుంటారు. వాళ్ళు మెచ్చుకున్నప్పుడల్లా నాకు భూమిలోకి దిగిపోవాలనిపిస్తుంది.

అప్పట్లో నేను గల్ఫ్‌లో, ఒక సైనిక స్థావరంలో పని చేసేవాణ్ణి. బేస్ అనేవాళ్ళం. సైనికులు భోంచేసే హాల్లో పబ్లిక్ వైఫై పెట్టే కాంట్రాక్టు మా కంపెనీకి వచ్చింది. అందరూ వాడుకోవచ్చని బోర్డు పెట్టారు. అందరూ అంటే సైనికులు. హాలు వెనక వంటింట్లో ఉల్లిపాయలు తరిగేవాళ్ళు ఆ లెక్కలోకి రారు.

ఏసుపాదం అన్నయ్యగారు ఆ వంటింట్లో ఉండేవారు. ఈ పేరు మార్చి రాస్తున్నాను. ఇల్లు సఖినేటిపల్లి రేవు దగ్గర. ఆయనదీ నాదీ ఒకే చర్చి సంఘం. కూతురు అమలాపురంలో నర్సింగు రెండో సంవత్సరం చదువుతోంది. ఆ పిల్ల తెల్ల కోటు ఫొటో మాకు ఎన్నిసార్లు చూపించారో! నేను సీలింగుకి వైఫై పెట్టెలు బిగిస్తుంటే ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి నిచ్చెన పట్టుకునేవారు. ఇదెలా పని చేస్తుందని చిన్నపిల్లాడిలా అడిగేవారు. ఇక్కడి నుంచి మన చర్చి ఆరాధన చూడొచ్చా అని ఒకరోజు అడిగారు.

చూపిద్దామనిపించింది. అదే వైఫైలో, పేరు పైకి కనిపించకుండా, మావాళ్ళ కోసం రెండోది ఒకటి పెట్టాను. అలా పెట్టకూడదు. తెలిసే పెట్టాను. మరి పాస్‌వర్డు? మావైపు చర్చిల్లో కొత్త సంవత్సరం ఆరాధనలో వాగ్దానం కార్డు ఇస్తారు. ఆ ఏడాదంతా సంఘమంతా పట్టుకుని బతకవలసిన ఒకే వాక్యం, దాని కింద అధ్యాయం, వచనం అంకెలు. ఇంటివాళ్ళు దాన్ని గల్ఫ్‌కి కూడా పంపిస్తారు. ఆ అంకెలే రెండుసార్లు కలిపి పాస్‌వర్డు చేశాను. మావాళ్ళు ఎవరూ మరిచిపోరని మురిసిపోయాను కానీ, అందరికీ నోటికొచ్చిన అంకెలు రహస్యం ఎలా అవుతాయన్న ఇంగితం నాకు లేకపోయింది.

ముందు అన్నయ్యగారికే చెప్పాను. ఆదివారం ఉదయం ఆయన ఫోను కూరగాయల బుట్టకి ఆనించుకుని, మా చర్చి పాటలు వింటూ ఉల్లిపాయలు తరిగారు. కళ్ళు తుడుచుకుంటే ఉల్లిపాయల వల్లే అన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. మిగతా తెలుగువాళ్ళు వచ్చి ‘ఇంజినీరుగారూ’ అని పిలిచారు. నేను ఇంజినీరునేమీ కాదు. ఆ పిలుపు కోసం అడిగినవాడికల్లా చెప్పేశాను. నెల తిరిగేసరికి లేబరు గదులన్నిటిలో అదే నడుస్తోంది. హాల్లో సైనికులకి నెట్ రావడం లేదు.

బేస్ అధికారులు తనిఖీకి వచ్చారు. దాచిన వైఫై దొరికింది. వంటింటివాళ్ళ ఫోన్లు వరసగా బల్ల మీద పెట్టించారు. అన్నయ్యగారి ఫోను కవరు వెనక వాగ్దానం కార్డు ఉంది. వాళ్ళకి తెలుగు రాదు. అంకెలు వచ్చు. నా కార్డు నా పెట్టెలో, బైబిల్లో భద్రంగా ఉంది. దాన్ని ఎవరూ తెరవమనలేదు.

నన్ను పిలిచి, ఇతనికి ఈ పని తెలుసా అని ఇంగ్లీషులో అడిగారు. నేను బిగిస్తున్నప్పుడు దగ్గరే ఉండేవాడని, ఎలా పెడతారో నన్ను అడిగేవాడని చెప్పాను. రెండూ నిజాలే. నిజాలతో ఇంత ఘోరం చేయొచ్చని నాకు ఆ రోజే తెలిసింది. అన్నయ్యగారికి ఇంగ్లీషు రాదు. నేను తన తరఫున మాట్లాడుతున్నానని అనుకుని, చేతులు కట్టుకుని, నేను చెప్పిన ప్రతి మాటకీ తల ఊపారు. ఒప్పుకున్నాడని వాళ్ళు రాసుకున్నారు.

బయటికి వచ్చాక అన్నయ్యగారు నన్ను అడిగారు.

“ఏమన్నారు తమ్ముడూ?”

“పంపించేస్తారంటండి అన్నయ్యగారూ. పాస్‌వర్డు బయటికెళ్ళిందంటండి.”

“పక్క మంచం ఆయనకి నేనే చెప్పేను. వాళ్ళావిడకి ఒంట్లో బాలేదంటే, మాట్లాడుకుంటాడని చెప్పేను. నా వల్లే అయిందన్నమాట.”

“ఆయ్,” అన్నాను.

“నీకేం మాట రాలేదు కదా?”

“లేదండి.”

“పోన్లే. నువ్వన్నా నిలబడ్డావు.”

అవునని ఆ ‘ఆయ్’ ఎందుకన్నాను? అధికారి ముందు భయపడ్డానంటే అర్థం ఉంది. గది బయట, మా ఇద్దరి మధ్య, మా భాషలో అడిగినప్పుడు ఎవరికి భయపడ్డాను? ఇన్నేళ్ళుగా అడుగుతున్నాను. ఆయన కళ్ళలో నేను చెడ్డవాణ్ణి కాకూడదనుకున్నాను, అంతేనేమో. అంతకన్నా మంచి జవాబు దొరకలేదు.

ఆయన మళ్ళీ ఆ దేశం వెళ్ళడానికి లేకుండా వీసా రద్దు చేశారు. ఆ పిల్ల చదువు రెండో సంవత్సరంలోనే ఆగిపోయింది. ఇప్పుడు రాజోలులో బట్టల కొట్టులో జాకెట్టు ముక్కలు కొలుస్తోంది. ఆ కొట్టుకి నెట్ పెట్టింది నేనే. ‘బాబాయిగారూ, టీ తాగుతారా’ అని అడుగుతుంది. ఆయన రేవు దగ్గర కొబ్బరికాయలు ఒలిచే పనికి వెళుతున్నారు. నేను మరో నాలుగేళ్ళు అక్కడే ఉండి, నింపాదిగా వచ్చాను.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? మొన్న మొదటి ఆదివారం పాస్టరుగారు ఎప్పటిలాగే ఆ మాట చెప్పారు. నేను కెమెరా దగ్గరికి లేచాను. ఏసుపాదం అన్నయ్యగారు కూడా లేచారు. సంఘమంతా చూస్తుండగా నా దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు.

“తమ్ముడూ, నువ్వు బల్ల తీసుకోకపోడం చూస్తానే ఉన్నాను. అప్పట్లో నా నోటి దురద వల్ల నీ ఉద్యోగం పోయుండేది. అది మనసులో పెట్టుకున్నావు కామోసు. నన్ను క్షమించు. ఇద్దరం కలిసెళ్దాం, రా.”

నోరు తెరిస్తే చాలు. ఆయన చేతుల్లో కొబ్బరి పీచు గరుకు తెలుస్తోంది. ముందు వరసలో ఆ పిల్ల వెనక్కి తిరిగి చూస్తోంది. నేను ఆయన్ని క్షమించినట్టు తల ఊపి, వైరు చూసుకోవాలని గొణిగాను. ఆయన ఒక్కరే వెళ్ళి బల్ల తీసుకుని, తేలికపడ్డ మొహంతో వచ్చి కూర్చున్నారు. పాస్టరుగారు ఆయన కోసం ప్రార్థన చేశారు. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి, రికార్డింగులో ఆ ముక్క కోసేశాను.

వచ్చే నెల చెబుతానని మీకు మాట ఇవ్వను. ఇలాంటి మాటలు నాకు నేనే చాలాసార్లు ఇచ్చుకున్నాను. ఇంతవరకు ఎక్కడా అననిది మాత్రం ఇక్కడ అంటాను. ఆ వైఫై పెట్టింది నేను. అంకెలు అందరికీ పంచింది నేను. అడిగినప్పుడు ఆయన్ని చూపించి తప్పుకున్నది నేను. ఏసుపాదం అన్నయ్యగారి తప్పు ఇందులో ఏమీ లేదు. ఈ వాక్యం వినవలసింది ఆయన, ఆ పిల్ల. మీకు చెబితే చాలదని తెలుసు. అయినా రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది, దానికీ సిగ్గుగానే ఉంది.