సినిమా చూశాక మా అత్తగారు

మా పెద్దమ్మాయికి పుట్టుకతోనే ఎడమ కంటి దగ్గర్నుంచి గడ్డం దాకా నేరేడుపండు రంగు మచ్చ ఉంది. ఈ దీవిలో, మా ఆస్టినాబాద్‌లో, వీధివాళ్లకది అలవాటే. వైజాగ్ నుంచి ఓడలో వచ్చే చుట్టాలు మాత్రం ఒకసారి మచ్చకేసి, ఆ వెంటనే గోడకేసి చూస్తారు.

కిందటి వానాకాలం, అలాంటి ముఖమే ఉన్న ఒక పిల్లవాడి మీద తీసిన హిందీ సినిమా టీవీలో వేశారు. పెట్టాలా వద్దా అని నేనూ మా ఆయనా వంటింట్లో గుసగుసలాడుకుంటుండగానే పిల్లే రిమోట్ తీసుకుని పెట్టేసింది. ఇంటిల్లిపాదీ తెర వదిలేసి దాన్నే చూస్తూ కూర్చున్నాం.

"సినిమా టీవీలో ఉంది, నా మొహంలో కాదు" అంది.

ఆ పిల్లవాడు ముఖం కనపడకుండా ఎప్పుడూ మఫ్లర్ చుట్టుకుని తిరుగుతాడు. ఈ ఉక్కలో వాడికి చెమటకాయలు రావా అన్నదే దాని అనుమానం. మా అత్తగారు మాత్రం మొదటి పాట నుంచి చివరిదాకా కొంగు తడుపుకుంటూనే ఉన్నారు.

మర్నాటి నుంచి ఆవిడ మారిపోయారు. మనవరాలు కనపడితే చాలు, తల నిమిరేవారు. పులుసులో చేప తలకాయ ఇంతకాలం ఆవిడదే. ఇప్పుడది పిల్ల కంచంలో పడింది. గాజు గ్లాసు పగలగొట్టినా పోనీలే తల్లీ అన్నారు. పిల్ల సంగతి పసిగట్టింది. హోంవర్క్ చెయ్యమంటే మచ్చ ఉన్న చెంపను మామ్మ వైపు తిప్పి నిట్టూర్చేది. ఆవిడ నన్ను కసిరేవారు. ఇది చూసి మా చిన్నది బీట్‌రూట్ ముక్కతో తన చెంప కూడా రుద్దుకుంది.

ఒక సాయంత్రం పెద్దది నా పక్కన చేరి, సినిమా చూడకముందు మామ్మకి తన మచ్చ కనపడలేదా అని అడిగింది. నువ్వు పుట్టిన రోజు నుంచీ చూస్తూనే ఉందే అన్నాను. మరి ఇప్పుడేమైందంది.

తర్వాత ఒక రోజు పొద్దున్నే అది మామ్మ ఒళ్లో తల పెట్టి, స్కూల్లో అందరూ తననే చూస్తారని, వెళ్లనని గునిసింది. ఆవిడ నిమురుతున్న చెయ్యి ఆపేశారు.

"నిన్నేటి సూసీది? నిన్న ఖోఖోలో ముగ్గుర్ని పడీసొచ్చినావు. అరే, సాల్లే నాటకాలు. లెగు."

అది లేచి బూట్లు తొడుక్కుంది. మొహంలో అలక లేదు సరికదా, ముసిముసి నవ్వు. గుమ్మం దాటుతూ నా చెవిలో చెప్పింది: "అమ్మా, మామ్మ ఠీక్ అయిపోయింది."