నట్టు నువ్వే తిప్పు

తుప్పు పట్టిన ఇనుమును తీగ బ్రష్‌తో రుద్దితే ఒక ఘాటైన వాసన లేస్తుంది. నిన్న కండ్లకోయ కాలేజీ కుర్రాడొకడు కారుకు కొత్త అలాయ్ వీల్స్ వేయించుకోవడానికి నా షాపుకు వచ్చాడు. చక్రాలు విప్పి, అవి కూర్చునే హబ్బు శుభ్రం చేస్తుంటే ఆ వాసనకు అంజయ్యన్న గుర్తొచ్చాడు. మేడ్చల్‌లో హైవే పక్కన ఆయన టైర్ల షాపులోనే నేను పని నేర్చుకున్నాను.

అంజయ్యన్న సోకుల మనిషి. షాపులో కూడా నల్లకళ్లద్దాలు తీసేవాడు కాదు, మెరిసే చక్రాలంటే ప్రాణం. నాది రావల్కోల్. చదువు ఇంటర్‌తో ఆగినా, పని అయ్యాక గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు మోటారు పుస్తకాలు చదివేవాణ్ణి. ఆ సంగతి అందరికీ చెప్పుకునేవాణ్ణి కూడా. “వచ్చిండు మా లైబ్రరీ!” అని అంజయ్యన్న ఎగతాళి చేసేవాడు, మరుక్షణమే “ఇయ్యాల ఏం సదివినవ్‌రా?” అని అడిగేవాడు. వెడల్పు చక్రం లోపల తగులుతుంటే హబ్బుకూ చక్రానికీ మధ్య స్పేసర్ అనే బిళ్ల వేసి బయటికి జరుపుతారు. ఆ బిళ్ల మందం మేరకు నట్టుకు అందే బోల్టు పొడవు తగ్గిపోతుంది. బోల్టు ఎంత లావో నట్టు కనీసం అంత లోతు పట్టాలని పుస్తకంలో ఉందని ఓ రోజు చెప్పాను. “గా లావు, లోతు ఎవనికి సమజైతదిరా? చుట్ల లెక్కల జెప్పు” అన్నాడు. కాగితం మీద లెక్క వేసి, మన దగ్గరికొచ్చే కార్లకు ఎనిమిది చుట్లు అన్నాను. ఆనాటి నుంచి స్పేసర్ వేసిన ప్రతి కారుకూ మొదటి నట్టును యజమాని చేతిలోనే పెట్టేవాడు. “నువ్వే తిప్పు. నువ్వే లెక్కవెట్టు.”

ఆయన తమ్ముడు శ్రీను పెళ్లి కుదిరింది. అమ్మానాన్నలు లేని ఆ తమ్ముణ్ణి పెంచింది అంజయ్యన్నే. పెళ్లికొడుకు కారుకు అలాయ్ వీల్స్ పెట్టి షామీర్‌పేట పంపిస్తానని బస్తీ అంతా చెప్పుకున్నాడు. తీరా పెళ్లి ముందురోజు బిగించబోతే చక్రం లోపల రాసుకుంటోంది. స్పేసర్ వేశాం. అంజయ్యన్న నట్టు తీసి శ్రీను చేతికిచ్చాడు.

“నాగ్గూడనా అన్నా?”

“అత్తగారింటికి పొయ్యేది నువ్వేగద. తిప్పు.”

నాలుగు చుట్లకే నట్టు చక్రానికి ఆనుకుని ఆగిపోయింది. పొడుగు బోల్టులు మర్నాటిలోగా దొరికేవి కావు.

“ఎంత దూరమని? సల్లగ పోతం” అన్నాడు శ్రీను.

“సక్రం ఊడిందనుకో, నీకంటె ముందు అదే షామీర్‌పేటకు పోతది.”

శ్రీను వెంట వచ్చిన స్నేహితులు నవ్వారు. శ్రీను ముఖం మాడిపోయింది. “ఊరంత జెప్పుకున్నది నువ్వు, ఇజ్జత్ పొయ్యేది నాదా? గిట్లయితే బరాత్‌కు రాకు” అని నట్టు విసిరేసి వెళ్లిపోయాడు. అంజయ్యన్న కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, పాత ఇనుప రిమ్ములకు తానే వెండి రంగు వేసి బిగించాడు. బరాత్ ఊరేగింపుకు వెళ్లాడు గానీ, చివరన నడిచాడు. తమ్ముడు ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

పొడుగు బోల్టులు వచ్చాక కబురు పెట్టాడు. శ్రీను రాలేదు. మళ్లీ పెట్టాడు. చివరికి భార్య వెంటపెట్టుకుని వస్తే వచ్చాడు గానీ, గడపలోనే నిలబడ్డాడు. బోల్టులు మార్చి, స్పేసర్లు వేసి, అలాయ్ వీల్స్ ఎక్కించాం. ఆ అమ్మాయే ముందుకొచ్చి “బావా, గా నట్టు నేను తిప్పుత” అంది. పైకే లెక్కపెట్టింది. ఎనిమిది దాటినా నట్టు ఇంకా తిరుగుతూనే ఉంది. శ్రీను ఎటో చూస్తూ నవ్వు ఆపుకున్నాడు.

“ఇగ పోదాం” అన్నాడు భార్యతో.

“పోయి జెర్ర తిరిగి మళ్ల రా. కొత్తగ ఏసినంక నట్లు వదులైతయి, ఇంకోసారి బిగియ్యాలె” అన్నాడు అంజయ్యన్న. అది పుస్తకంలోనూ ఉన్న మాటే. కానీ ఆయన దాన్ని పలికిన తీరు ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ సాయంత్రమే శ్రీను వచ్చాడు. ఆ తర్వాత బిగించాల్సిందేమీ లేకపోయినా వచ్చి కూర్చునేవాడు. అంజయ్యన్న పోయేదాకా అలాగే వచ్చాడు.

నిన్నటి కుర్రాడి కారుకూ స్పేసర్ వేయాల్సి వచ్చింది; నట్టు చేతికిస్తే విసుక్కుంటూనే తిప్పాడు. ఎనిమిది పూర్తయ్యాయి. తాళాలు ఇస్తూ, కొంచెం తిరిగి మళ్లీ రమ్మని చెప్పాను. ఇంకా రాలేదు. షట్టర్ సగం దించి, పానా చేతికి అందేలా పెట్టుకుని కూర్చున్నాను.