పుక్కిలించని నోరు

కూర్మన్నపాలెంలో దోసెల పిండి అమ్మే దేవిని ఎరిగినవాళ్లు ఎవరైనా చెబుతారు, ఆవిడ ఎవర్నీ ఊరికే నమ్మదని. పాలు రెండుసార్లు వాసన చూస్తుంది. మినప్పప్పు కొట్టువాడి కళ్లెదుటే నమిలి చూస్తుంది. పిండి పులవకపోతే గ్రైండరు ముట్టుకున్నదెవరని ఇంటిల్లిపాదినీ నిలదీస్తుంది. అలాంటి మనిషి వండిన చేపల పులుసును మొగుడు పక్కకు నెట్టేశాడు.

ఎల్లారావు పోర్టులో క్రేన్ డ్రైవరు. పులుసంటే పడిచచ్చేవాడు కాస్తా కొన్నాళ్లుగా పెరుగన్నంతో సరిపెడుతున్నాడు.

"ఏటి మావా, పులుసు బాగోలేదా?"

"ఆకల్నేదే."

"ఎక్కడ తినొచ్చేవు? ఎవులెట్టేరు?"

అతను కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. దేవికి ఒళ్లు మండిపోయింది. ఇంకెవత్తో వండి పెడుతోందని తేల్చేసుకుంది. చొక్కా వాసన చూస్తే బొగ్గు, గ్రీజు తప్ప ఏమీ తగల్లేదు. అయినా మనసు కుదుటపడలేదు. స్నానాల గదిలో తలుపేసుకుని అంతసేపు ఏం చేస్తాడు?

ఓ ఉదయం తలుపు సందులోంచి చూసింది. ఎల్లారావు అద్దం ముందు నోరు తెరిచి నాలుక గీసుకుంటున్నాడు. నాలుక మీదా, బుగ్గల లోపలా తెల్లటి పొర. గీసినచోటల్లా కాస్త పులుపూ కారం తగిలినా మండేలా ఎర్రగా రేగిపోయింది. దేవి ఆ వండిపెట్టే ఆడమనిషి సంగతి మరిచిపోయి, క్యాన్సరే అనుకుని, అతన్ని డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

డాక్టరు హేమశ్రీ పేరూ, పనీ అడిగి రాసుకుని, టార్చి వేసి చూసింది. "క్యాన్సర్ కాదమ్మా, ఈస్టు, బూజులాంటి సూక్ష్మజీవి. చాలామంది నోట్లో అది కొద్దిగా ఉంటుంది. దాని ఒంటిమీద ప్రోటీన్లుంటాయి, మీవారి క్రేన్ కొక్కేల్లాగే. మన నోటి కణాల పైన చక్కెర గొలుసులుంటాయి. వాటికి తగులుకుందంటే ఉమ్ముకి కూడా కొట్టుకుపోదు."

"సక్కెరా? ఈయనకి షుగరుందని నాకాడ దాస్తన్నారా?" దేవి డాక్టర్నీ వదల్లేదు.

"తినే చక్కెర కాదమ్మా, అందరి కణాలకీ ఉండేదే. రోగాల్ని ఆపే నోటి కాపలా సన్నగిల్లితే ఈస్టు ఇలా పెరుగుతుంది. ఎల్లారావుగారూ, ఇన్హేలర్ ఏమైనా వాడుతున్నారా?"

ఎల్లారావు జేబులోంచి ఇన్హేలర్ తీసి బల్ల మీద పెట్టాడు. ఉబ్బసమట. ఏడాదిగా పీలుస్తున్నాడట. పీల్చాక నోరు పుక్కిలించాలని తెలుసు. కానీ ఎవరైనా చూస్తే అడుగుతారని, మందు నోట్లో ఉండగానే క్రేన్ ఎక్కేసేవాడు.

నోట్లో మిగిలిపోయిన ఆ మందే కాపలాను సన్నగిల్లజేసిందనీ, ఉబ్బసం అదుపులోనే ఉందనీ, పనికి ఇబ్బంది లేదనీ, పుక్కిలించడం మాత్రం మానొద్దనీ చెప్పి హేమశ్రీ ఈస్టుకి మందు రాసిచ్చింది.

ఆటోలో దేవి అడిగింది. "ఊరోళ్లకి దాసేవు, సరే. నాకెందుకు దాసేవు?"

"నీకు సెప్తే మీ తమ్ముడి సెవినేసేత్తావని. ఆడు మా సూపర్వైజరు కదే. క్రేన్ దింపేత్తాడని బయమేసింది."

ఇన్నేళ్లూ లోకాన్నంతా అనుమానించిన తనను ఇంట్లో మనిషే అనుమానించాడు. అది తట్టుకోలేక దేవి ఆటోలోనే ఏడ్చేసింది.

సాయంత్రం తమ్ముడు కోటి ఫోన్ చేశాడు. "అక్కా, బావ డ్యూటీకి రాలేదేటి? ఒంట్లో బాగోలేదా?"

స్నానాల గదిలో పుక్కిలిస్తున్న చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

దేవి అటువైపు చూసింది. "ఏటీ లేదురా. మా గ్రైండరు పాడైతే బాగు సేత్తన్నాడు" అని ఫోన్ పెట్టేసి, గ్లాసుతో నీళ్లు పట్టుకెళ్లి తలుపు తట్టింది.

"ఇంకోసారి పుక్కిలించు మావా. తలుపు తీసే ఉంచు."