అమ్మకానికి లేని ఫిర్యాదు

ఆ రోజుల్లో మా ప్రొద్దుటూరు వైపు మనుషులకే కాదు, లాయర్లకు కూడా పార్టీలుండేవి. ఎదుటి పార్టీ లాయరు గడప తొక్కితే కేసు సంగతి దేవుడెరుగు, ఊళ్లో మన సంగతి తేలిపోయేది. అందుకే లాయరు మంచివాడా అని ఎవరూ అడిగేవారు కాదు, మనవాడేనా అని మాత్రం అడిగేవారు. మా నాయన పెట్టిన బట్టల అంగడి మాది. బేరమాడటం నాకు ఉగ్గుపాలతో అబ్బింది (అని నేనే చెప్పుకునేవాణ్ణి; ఇంకెవరూ అన్నట్టు గుర్తులేదు).

వేంపల్లెలో మా చిన్నమ్మ బట్టలు కుట్టి బతికేది. చిన్నాయన లారీ కింద పడి పోయాక నష్టపరిహారం కేసు వేసింది మా పార్టీ లాయరే. ఎప్పుడడిగినా, "దుడ్లు కోర్టులోనే ఉండాయిమ్మా, యాడికీ పోవు" అనేవాడు. తీరా కోర్టులో విచారిస్తే, ఆమె పెట్టిన సంతకాలతోనే ఆయన ఆ డబ్బు ఎప్పుడో తీసేసుకున్నాడని తెలిసింది. సరిగ్గా అప్పుడే, ఆమె మిషను పెట్టుకున్న గదిని ఇంటాయన అమ్మకానికి పెట్టాడు. కొనుక్కోకపోతే మిషను వీధిలో పడుతుంది.

పార్టీ పెద్దాయన దగ్గర పంచాయితీ పెడదామంటే, లాయరు ఆయన పక్కనే కూచుని కాఫీ తాగుతుండేవాడు. అందుకని లాయర్ల తప్పులు విచారించే బార్ కౌన్సిల్‌కు, హైదరాబాదుకు, చిన్నమ్మ చేత ఫిర్యాదు పంపించాను. నోటీసు అందిన రోజే లాయరు మా అంగడికి వచ్చాడు, పంచెల చాపు కొనడానికి వచ్చినట్టు.

"ఏందప్పా, మనలో మనం ఇట్ల చేసుకుంటామా? వాపసు తీసుకోండి, సగం ఇస్తా."

"సగానికి తువ్వాలు గూడా రాదు సార్."

"పోనీ, ముప్పావు."

"మీ నల్లకోటు ఏం ధర పడింది సార్?"

ఆ తర్వాత బేరం నా చేతికొచ్చింది. అసలంతా, దానిపైన వడ్డీ, హైదరాబాదు దారిఖర్చులతో సహా ఒప్పించాను. ప్రతిగా ఫిర్యాదును, చీర మడతపెట్టి ఇచ్చినట్టు, ఆయన చేతికిచ్చేస్తామన్నాను. ఆ డబ్బుతో చిన్నమ్మ గది కొనుక్కుంది. నేను మా వీధిలో నేలమీద నడవడం మానేశాను.

విచారణకు ముగ్గురం ఒకే బస్సులో వెళ్లాం (రాజీ పడ్డాం కదా!). బార్ కౌన్సిల్ విచారణ కమిటీ అధ్యక్షుడు మా రాజీ కాగితం చదివి పక్కన పెట్టాడు.

"డబ్బు వచ్చింది, సంతోషం. కానీ మీరు రాజీ పడితే విచారణ ఆగదు. లాయరు నడవడిక మీ ఇద్దరి మధ్య తగాదా కాదు."

"సార్, మేము మాటిచ్చినాము!" అన్నాను లేచి.

"నీది కాని సరుకు ఎలా అమ్మావయ్యా?" అన్నాడాయన. అంగడివాణ్ణని నా ముఖాన రాసి ఉంది కాబోలు.

జరిగింది చెప్పమంటే చిన్నమ్మ నిదానంగా చెప్పింది. "ఆయప్ప ఇచ్చినాడు సామీ, అబద్ధమెందుకు? నోటీసు వచ్చినంక ఇచ్చినాడు."

ఆ చివరి మాటను కమిటీవాళ్లు రాసుకున్నారు. కొంతకాలం ఆయన ప్రాక్టీసు చేయరాదని తర్వాత తీర్పు వచ్చింది.

విచారణ రోజు తిరుగు బస్సులో లాయరు నా పక్కసీటే.

"చెల్లని సరుకు అంటగడ్తివి కదప్పా!"

"చట్టం చదివింది మీరు గదా సార్!"

ఆయన కిటికీ వైపు తిరిగి, "పంచాయితీలకు తిరిగి తిరిగి, చదివిందంతా యాడనో పోగొట్టుకుంటి" అన్నాడు. కర్నూలు దాటాక చిన్నమ్మ చిత్రాన్నం పొట్లం విప్పి, నాకంటే ముందు ఆయనకే పెట్టింది. ఆయన మొహమాటపడ్డాడు.

"తినప్పా. దీనికి వకాలతు అక్కరలేదు" అంది.

చాలా ఏళ్ల తర్వాత, అంగడి బాడుగ తగాదా వచ్చి ఆయన దగ్గరికే వెళ్లాను. అప్పటికి మా వీధిలో, పుచ్చుకున్న ప్రతి పైసాకూ అడగకముందే రసీదు రాసిచ్చే లాయరు ఆయనొక్కడే. ఫీజు దగ్గర నేను గొంతు సవరించుకోగానే చెయ్యెత్తి ఆపాడు.

"నీతో బేరమా? ఒగసారి ఆడినా. శానా దూరం పోయింది."

అడిగినంతా ఇచ్చి, నాలో నేనే నవ్వుకుంటూ మెట్లు దిగాను. మా నాయన ఉండి, నేను బేరమాడకుండా డబ్బివ్వడం చూస్తే, పరువు పోయిందని ఆ పూటకు అంగడి మూసేసేవాడు.