కట్టు విప్పిన తీగలు

కడపలో మాది మోటార్లు చుట్టే షాపు. నాయన ముప్పై ఏళ్లుగా కాలిన మోటార్లకు కొత్త రాగి తీగ చుడుతున్నాడు. చుట్టాక నూలు దారంతో ఆయన వేసే కట్టు చూసే, ఇది ఎవరి పనో రైతులు చెప్పేస్తారు. నేను ఇంజనీరింగు చదివి, అదే షాపులో ఒక మూల బల్ల వేసుకుని సోలార్ మోటార్లను నడిపే కంట్రోలర్ బోర్డులు చేయడం మొదలుపెట్టాను. ఆడపిల్లకు ఈ పొగ ఎందుకన్నవాళ్లకు జవాబు చెప్పలేదు. నా బోర్డే చెబుతుందనుకున్నాను.

మొదటి బోర్డు పెట్టెలో బిగించి వేంపల్లె దగ్గర ఒక చీనీ తోటకు, అదే బత్తాయి తోటకు, పంపాను. వారం తిరక్కుండానే తోటాయన ఫోను చేశాడు.

"ఏమ్మా, పొద్దున బాగనే నీళ్లు తోలుతాండాది. పన్నెండైతే చాలు, ఆగిపోతాండాది. నీ పెట్టె ఎండకు తట్టుకోలేకుండాది. సోమవారం దాకా చూస్తా. కాకుంటే పీకేసి కంపెనీ పెట్టె పెట్టిస్తా."

ఎండ! మా సీమలో ఏది పని చేయకపోయినా ఎండ మీదికి తోసేస్తారు. నాకు ఒళ్లు మండింది. మొదటి బోర్డే పీకేస్తే రెండోది ఎవరు అడుగుతారు?

ఆ సాయంత్రమే వెళ్లి చూశాను. సోలార్ పలకల నుంచి వచ్చే వోల్టేజీ మోటారుకు చాలదు, నా బోర్డు దాన్ని పెంచుతుంది. ఒకే రోట్లో ఇద్దరు రోకళ్లు వేసినట్టు, అందులో రెండు భాగాలు వంతులవారీగా పని చేస్తాయి. ఒక్కో భాగంలో ఎంత కరెంటు పోతోందో సన్న తీగల జత ఒకటి చెబుతుంది. హద్దు దాటిందని తెలిస్తే బోర్డు తనే ఆగిపోతుంది. బోర్డులో నమోదైనదాన్ని బట్టి, ప్రతిసారీ హద్దు దాటినందుకే ఆగింది. తోటాయన మీటరు మాత్రం ఆగే ముందు దాకా ఆ హద్దులో సగం కరెంటే చూపిందట. అంటే నా సన్న తీగలు అబద్ధం చెబుతున్నాయి.

షాపుకొచ్చి చెబితే, "హద్దు రవ్వంత పెంచు పాపా, సరిపోతాది" అన్నాడు నాయన. ఫ్యూజు పోతే లావు తీగ వేసుకునే ఊళ్లు మావి.

"పెంచను. రేపు నిజంగా కరెంటు ఎక్కువై మోటారు కాలితే నీ దగ్గరికే చుట్టడానికి వస్తాది. అదేనా నీ ఎత్తు?" అన్నాను.

ఆదివారం, కరెంటు కదలికను తెర మీద గీతగా చూపే స్కోపు మోసుకుని నాయనా నేనూ తోటకు వెళ్లాం. పది గంటలకు తెర మీద గీత నున్నగా ఉంది. ఎండ ముదిరి పలకలు వేడెక్కేకొద్దీ వాటి వోల్టేజీ తగ్గింది. దాన్ని పెంచడానికి రెండు భాగాలూ తమ వంతులో ఎక్కువసేపు పని చేయాల్సి వచ్చింది. పన్నెండు కావస్తుండగా ఒక భాగం ఆగాల్సిన క్షణానికే రెండోది మొదలవడం, ఆ అదురు ముల్లులా మొదటిదాని కొలత మీద లేవడం కనిపించింది. మోటారు ఆగిపోయింది. తోటాయన ఎండ అన్నది పూర్తిగా తప్పు కాదన్నమాట. ఒప్పుకోవడానికి ప్రాణం ఒప్పలేదు, కానీ ఒప్పుకున్నాను.

ఆ అదురు సన్న తీగల్లోకి ఎలా దూరింది? పెట్టె తెరిచాను. లావు తీగలూ సన్న తీగలూ కలిపి, వేలెడు దూరానికో ముడితో జడలా బిగించి ఉన్నాయి. నాయన కట్టు. షాపులో పరీక్షించినప్పుడు అది లేదు. చివర్లో అందంగా ఉంటుందని నేనే ముచ్చటపడి కట్టించాను. మోటారు తీగలు అలా కట్టకపోతే ఒరుసుకుని పాడవుతాయి. నా పెట్టెలో మాత్రం ఆ కట్టే లావు తీగల గోలను సన్న తీగల్లోకి ఎక్కిస్తోంది.

"నాయనా, కట్టు కోయాల."

"ముప్పై ఏండ్లల్లో నా కట్టుకు వంక పెట్టినోడు లేడు."

"నేను పెడతాండా."

తోటాయన గట్టు మీద కూర్చుని మా ఇద్దరినీ చూస్తున్నాడు. నిజం చెప్పాలంటే భయమేసింది. కోశాక కూడా ఆగితే నా బోర్డూ పోతుంది, పదిమంది మెచ్చిన కట్టును పాడుచేశానన్న మాటా మిగులుతుంది. అయినా స్విచ్చి ఆపి కత్తెర పెట్టాను. సన్న తీగలను ఏ జతకా జత మెలేసి, లావు తీగలకు దూరంగా పెట్టె అవతలి గోడ వెంట నడిపాను. చూడ్డానికి అసహ్యంగా ఉంది.

మళ్లీ స్విచ్చి వేశాను. ముల్లు లేదు. పన్నెండున్నర దాటింది, ఒంటిగంట దాటింది, నీళ్లు పడుతూనే ఉన్నాయి.

"అన్నా, సోమవారం పీకేస్తానంటివి కదా?" అని అడిగాను.

"ఉండనీలేమ్మా" అని లేచి పాదుల వైపు వెళ్లాడు.

బస్సులో నాయన కోసిన దారం ముక్కలను జేబులోంచి తీసి చూసుకున్నాడు. నేను క్షమించమనలేదు. తప్పు తప్పే, అది ఎంత అందమైన ముడి అయినా.

ఆ తర్వాత చేసిన పెట్టెలన్నిటిలో సన్న తీగలు విడిగానే పోతున్నాయి. మొన్న నాయన దగ్గరికి ఎప్పటినుంచో వచ్చే ఒక రైతు పెట్టె మూత తీసి చూసి, "ఏమప్పా, నీ కట్టు యాడ పోయె? తల దువ్వనట్టుండాదే" అన్నాడు.

నేను జవాబు చెప్పబోయాను. నాయన చుడుతున్న మోటారు మీద నుంచి తల ఎత్తకుండానే అన్నాడు:

"అది అట్లనే ఉండాల. నేను కట్టినా మా పాప కోసేస్తాది."