డ్రాయింగ్ సార్ చెప్పిన చరిత్ర పాఠం

మొన్న ఆదివారం పొద్దున భూపాలపల్లి నుంచి మా మనవరాలు ఫోన్ చేసింది. మా అల్లుడు చెల్పూర్ కరెంటు ప్లాంటులో పనిచేస్తాడు, పిల్ల అక్కడే ఇంటర్మీడియట్ చదువుతోంది. కాలేజీలో వ్యాసరచన పోటీ పెట్టారట. అంతర్జాతీయ ఉగ్రవాదం, దాని చారిత్రక మూలాలు అన్నది అంశం. "తాతా, నువ్వు హిస్టరీ సార్‌వు గదా, గిది యాడికెళ్ళి మొదలువెట్టాలె?" అని అడిగింది. నేను గొంతు సవరించుకుని, "పటం మీద గీత గీసుడు అల్క, బిడ్డా..." అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాను. గీత గీయడం తేలికన్న ఆ మాట నాది కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ చరిత్ర చెప్పి బతికిన నాకు, ఆ ఒక్క పాఠం చెప్పబోతే మాత్రం ఇంకొకరి మాటలే నోట్లోకి వస్తాయి. వచ్చినప్పుడల్లా, ఈ వయసులో కూడా, కడుపులో సన్నగా మంట పుడుతుంది. ఆ మాటలన్న మనిషి మా బడి డ్రాయింగ్ సార్.

అప్పట్లో నేను జనగామలో ఉండి, లింగాల ఘనపూర్ వైపు ఒక హైస్కూలుకు రోజూ బస్సులో పోయి వచ్చేవాణ్ణి. ఆయనది మహబూబాబాద్. జనగామలోనే రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాడు. ఇద్దరం ఒకే బస్సు ఎక్కేవాళ్ళం. కిటికీ దగ్గర సీటు దొరికితే, "అన్నా, నువ్వు కూసో" అని జరిగేవాడు. బక్కపలచని మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ రంగు సుద్దముక్కలు. జీతంలోంచి సొంతంగా కొనుక్కునేవాడు. సర్కారు ఇచ్చే తెల్ల సుద్ద తప్ప మరొకటి ముట్టని నాకు ఆ నీలం, ఎరుపు ముక్కలు చూస్తేనే ఒళ్ళు మండేది. నిజం చెప్పాలంటే మొదట్లో ఆయన మీద నాకున్న ఫిర్యాదు అంతే. మనిషిలో వేరే తప్పేదీ దొరకక సుద్దముక్కల మీద పడ్డాను.

అమెరికాలో ఆ రెండు భవనాలు కూలిన ఏడాది అసలు కథ మొదలైంది. టీవీలో చూసిన పిల్లలు బడికి వచ్చి ఒకటే ప్రశ్నలు. ఎవరు కూల్చారు, ఎందుకు కూల్చారు, ఆ కొండల దేశం ఎక్కడుంది? పదో తరగతిలో నేను పాఠ్యపుస్తకంలో ఉన్నదీ, గైడులో ఉన్నదీ కలిపి ఒక గంట చెప్పాను. నిర్వచనం, కారణాలు, ఫలితాలు. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. ఆవలింతలు వస్తే చేతులు అడ్డం పెట్టుకునే ఆవలించారు, అబద్ధం ఎందుకు. తర్వాతి పీరియడు డ్రాయింగ్. నేను వరండాలో నడుస్తుంటే నా క్లాసులో ఎన్నడూ వినని నిశ్శబ్దం వినిపించింది. కిటికీలోంచి చూశాను. మా ఆడవాళ్ళు వాకిట్లో ముగ్గు వేసినంత తేలికగా ఆయన బోర్డు మీద ఆసియా ఖండమంతా గీసేశాడు.

"సూడుండ్రి బిడ్డా, బాంబులేసి చంపుడు మొన్న పుట్టింది కాదు. నూరేండ్ల కింద యూరప్‌ల రాజుల మీద గూడ ఏసిండ్రు. ఒక పిలగాడు ఒక యువరాజును తుపాకితోని కాలిస్తె, అది సాకువెట్టుకొని లోకమంత యుద్ధం చేసిండ్రు. గెలిచినోళ్ళు అరబ్బుల జాగల స్కేలు వెట్టి గీతలు గీసిండ్రు. పటం మీద గీత గీసుడు అల్క, బిడ్డా. గీత కింద ఊర్లుంటయి." ఎర్ర సుద్దతో ఒక గీత గీసి, చూపుడువేలితో దాన్ని తుడిపే ప్రయత్నం చేశాడు. మరక మిగిలింది. "పాలస్తీనాల ఇండ్లు పోయినోళ్ళు డేరాలల్ల పిల్లలను కన్నరు. ఆ పిల్లలు పెద్దగైనంక అండ్ల కొందరు తుపాకులు వట్టిండ్రు, విమానాలు ఎత్కపోయిండ్రు. అటెన్క అఫ్ఘనిస్తాన్. ఒక పెద్ద రాజ్యం ఫౌజును దింపింది. ఇంకో పెద్ద రాజ్యం పక్కదేశంకెళ్ళి తుపాకులు పంపింది. ఎన్నో దేశాల పోరగాళ్ళు పోయి కొట్లాడిండ్రు. కొట్లాట ఒడిసినంక తుపాకులిచ్చినోళ్ళు మంచిగ ఇంటికి పోయిండ్రు. తుపాకి తప్ప ఇంకో పని రానోళ్ళు యాడికి పోవాలె?"

ముందు బెంచీ పిల్ల లేచి, "అయితే కూలగొట్టినోళ్ళది తప్పు లేదా సార్?" అని అడిగింది. ఆయన సుద్ద కింద పెట్టాడు. "తప్పే. ఏమెరుగనోళ్ళను సంపినోడు ఏ మతపోడైనా పాపి. వాన్ని మాఫ్ చేసుడు కాదు మన పని. వాడు ఎట్ల తయారైండో తెలుసుకునుడు మన పని. లేకుంటే ఇంకోడు తయారైతడు." ఆ ప్రశ్న అడిగిన పిల్ల మా అమ్మాయే, నాతోపాటే బస్సులో వచ్చి ఆ బడిలో చదివేది. నా క్లాసులో ఒక్కనాడు కూడా చెయ్యెత్తని నా కూతురు.

ఆ సాయంత్రం మా ఇంట్లో అన్నం తినే దగ్గర కూడా అదే పాఠం. అమ్మాయి నోటుబుక్కులో ఆ పటం గీసుకొచ్చి వాళ్ళమ్మకు చెప్తోంది. మా ఆవిడ ఏడో తరగతితో చదువు మానిన మనిషి, అంతా విని, "గిప్పుడు నాకు గూడ సమజైంది. మీరెన్నడన్న గిట్ల చెప్పిండ్రా?" అంది. నేను పప్పు బాగాలేదని అన్నాను. పప్పు చాలా బాగుంది. ఆ తర్వాత పిల్లలు ఇంటర్వెల్లో ఆయన చుట్టూ మూగడం, హెడ్మాస్టరు నవ్వుతూ "హిస్టరీ గూడ ఆయనకే ఇద్దామా?" అనడం, ఇవన్నీ ఒక్కొక్కటిగా లోపల పేరుకుపోయాయి. రెండు డిగ్రీలు నావి. కుంచె పట్టినోడికి నా పాఠం మీద ఏం హక్కు? బస్సులో ఆయన కిటికీ సీటు ఇవ్వబోతే వద్దని వెనక్కు పోయి నిలబడేవాణ్ణి. ఆయనకు ఎందుకో అర్థమయ్యేది కాదు, "నడుం నొస్తదన్నా" అనేవాడు.

కొన్నాళ్ళకు ఎక్కడో ఒక పెద్ద నగరంలో పేలుళ్ళు జరిగాయి. అన్ని ఊళ్ళలో ఆరాలు తీస్తున్నట్టే మా దగ్గరికీ మఫ్టీలో ఒక పోలీసు జవాను వచ్చాడు. టీ హోటల్లో నా పక్కన కూర్చుని, బడిలో అందరి గురించీ అడుగుతూ, "డ్రాయింగ్ సార్ ఎట్లాంటోడు సార్?" అని మామూలుగా అడిగాడు. "మంచోడే" అన్నాను. అక్కడ ఆగి ఉంటే ఈ కథ లేదు. టీ ఒక గుక్క తాగి, "కాకపోతే గా బాంబుల సంగతులు ఆయనకు జర ఎక్కువ తెలుసు" అన్నాను. అన్నది అబద్ధం కాదు. అందుకే అంత బాగా పనిచేసింది.

మర్నాడు ఆయన్ను స్టేషనుకు పిలిచారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెట్టి, ఇంట్లోని అట్లాసూ, పేపర్లలోంచి కత్తిరించి అట్టలకు అంటించుకున్న వార్తలూ తెప్పించుకున్నారు. రెండో రోజూ అంతే. ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి, ఇద్దరు తండ్రులు వచ్చి ఆ సార్ క్లాసులో మా పిల్లలను కూర్చోబెట్టొద్దన్నారు. సిగ్గు విడిచి ఒక్క మాట చెప్తాను. మొదటి రోజు డ్రాయింగ్ పీరియడు కూడా నేనే తీసుకున్నాను, పిల్లల కళ్ళన్నీ నా మీదే ఉన్నాయి, నాకు హాయిగానే అనిపించింది. రెండో రోజు ఇంటికి పోయేసరికి మా అమ్మాయి అన్నం ముట్టకుండా కూర్చుంది. "బాపూ, సార్ ఏం తప్పు చేసిండు? పాఠం చెప్పుడు తప్పా?" అంది. కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాను.

మూడో రోజు హెడ్మాస్టరును వెంటపెట్టుకుని స్టేషనుకు పోయాను. ఇన్‌స్పెక్టరుతో, ఆ మాట అన్నది నేనేననీ, అసూయతో అన్నాననీ చెప్పాను. అతను నన్ను ఎగాదిగా చూసి, "ఏంది సారూ, పాఠం మంచిగ చెప్పిండని కండ్లల్ల నిప్పులు వోసుకున్నవా?" అన్నాడు. హెడ్మాస్టరు నేల చూశాడు. అదే మాట కాయితం మీద రాసి సంతకం పెట్టమన్నారు. నా జీవితంలో నేను రాసిన నిజమైన చరిత్ర ఆ అరపేజీయే. మధ్యాహ్నానికి ఆయన్ను పంపించేశారు.

బస్టాండులో ఆయనకు నా నోటితో నేనే చెప్పాను. వచ్చిన బస్సు ఎక్కకుండా వదిలేశాడు. తర్వాత నెమ్మదిగా, "మా అన్న కువైట్ల డ్రైవర్ ఉండె. ఆడ యుద్ధమైతే రెండు నెలలు బతికిండో లేదో తెల్వలె. ఎడారి కాంపులల్ల పడి ఇల్లు చేరిండు గాని, మనిషి మనిషి లెక్క రాలె. మా అన్నను ఎవరు ఆగం జేసిండ్రో తెలుసుకుందామని చదివిన. నీకు అది నౌకరి, నాకు మా ఇంటి సంగతి" అన్నాడు. మళ్ళీ తనే, "అడిగితే నీకు గూడ చెప్పేటోన్ని గదన్నా" అన్నాడు. ఆ "అన్నా" వినలేక నేను తల తిప్పుకున్నాను.

ఆయన మహబూబాబాద్‌కు బదిలీ పెట్టుకున్నాడు. వెళ్ళేముందు ఒక్కసారి పదో తరగతికి ఆ పాఠం పూర్తిచేయమని బతిమాలాను. "నువ్వు చెప్పు, నేను గీస్త" అన్నాడు. నేను చెప్పాను, ఆయన గీశాడు. పిల్లలు బోర్డునే చూశారు. నాకు అప్పుడు కూడా, అంత జరిగాక కూడా, ఆ చేతి మీద ఈర్ష్య కలిగింది. చివర్లో మా అమ్మాయి లేచి ఆయన్నే ఏదో అడగబోయింది. ఆయన సుద్ద చెయ్యి దులుపుకుని, "హిస్టరీ సార్‌ను అడుగు, బిడ్డా" అన్నాడు. అన్నాళ్ళూ నేను కోరుకున్నది సరిగ్గా అదే. పిల్ల నా వైపు తిరిగి చూసి, ఏమీ అడగకుండా కూర్చుంది.

కొన్నేళ్ళ తర్వాత మహబూబాబాద్ పోయినప్పుడు ఆయన బడికి వెళ్ళాను. గోడల నిండా పిల్లల బొమ్మలు, కుండలు, మామిడికాయలు, చిలకలు. ఒక్క పటం కూడా లేదు. నేను గోడలు వెతకడం గమనించి నవ్వాడు. "గిప్పుడు గివే గీపిస్తున్నన్నా. పరేషాన్ లేదు" అని టీ తెప్పించాడు. మా అమ్మాయి ఎట్లా ఉందని అడిగాడు, దాని పెళ్ళికి రాలేకపోయానని నొచ్చుకున్నాడు. పిల్లలకు ఏ ఏడాది ఏం జరిగిందో చెప్పడంతోనే నా ఉద్యోగమంతా గడిచిపోయింది. కానీ ఒక మనిషి గురించి నోరు జారిన రోజు ఎన్నేళ్ళకు గతమవుతుందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.